డబ్బు పట్టాదారుకు, దెబ్బ కౌలుదారుకు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి పుచ్చ, కర్బూజా తోటలు కోతకు వస్తున్నాయి. వేసవి ఎండలు, ఆ వెంటనే రంజాన్ నెల: రెండింటికీ అందేలా లెక్క చూసుకుని వేసిన పంట అది. పొలం పనులకూ సరుకు రవాణాకూ కొద్ది రోజుల్లోనే మినహాయింపులు ఇచ్చారు. కానీ కాయ కోయడానికి కూలీలు రావాలి, లారీ దొరకాలి, పట్నంలో పండ్ల బండ్లు, జ్యూస్ షాపులు తెరిచి ఉండాలి. పండిన కర్బూజా అన్నాళ్లు ఆగదు. చాలాచోట్ల తోటలోనే కుళ్లింది, లేదా పశువులకు వదిలేశారు.

మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అందులో రైతు ఖాతాకు నేరుగా వచ్చింది పీఎం కిసాన్ కింద 2,000 రూపాయలు. సుమారు 8.7 కోట్ల మందికి ఏప్రిల్‌లోనే వేస్తామన్నారు. అది కొత్త సాయం కాదు. ఏడాదికి 6,000 చొప్పున ఎలాగూ ఇచ్చేదాంట్లో ఒక విడతను ముందుకు జరిపారంతే. ఆంధ్రప్రదేశ్‌లో మే 15న రైతు భరోసా కింద మరో 5,500 వేశారు. తెలంగాణలో ఆ వానాకాలం సీజన్‌కు ఎప్పటిలాగే రైతుబంధు ఎకరాకు 5,000 పడింది, ఎకరాలకు పరిమితి లేకుండా.

ఇంత త్వరగా డబ్బు చేర్చగలిగారంటే జాబితా ముందే సిద్ధంగా ఉండబట్టే. భూమి రికార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా అప్పటికే ముడిపడి ఉన్నాయి. ఆపదలో ఈ వేగం చిన్న విషయం కాదు, దాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ జాబితాకు తెలిసింది భూమి ఎవరిదన్నది మాత్రమే. ఆ భూమిలో ఏ పంట ఉంది, ఎవరు వేశారు, ఎంత పోయింది అన్న ప్రశ్నలు దానికి పట్టవు. తోట మొత్తం పోగొట్టుకున్న రైతుకూ, పొలం బీడు పెట్టిన ఆసామికీ పీఎం కిసాన్ ఇచ్చింది ఒకే మొత్తం.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. విత్తనం, డ్రిప్పు, మల్చింగ్ షీటు, మందులు అన్నీ అతని అప్పుతోనే. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాసిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమాని భయం. కాబట్టి డబ్బు పడిందన్న మెసేజ్ యజమాని ఫోన్‌కు వస్తుంది, అప్పిచ్చిన వ్యాపారి ఫోన్ మాత్రం కౌలుదారుకు. రైతుబంధు కౌలుదారులను పూర్తిగా పక్కన పెట్టింది. ఆంధ్రలో రైతు భరోసా కింద భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి 13,500 ఇస్తామన్నారు గానీ, 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దొరక్కే ఎంతోమంది ఆగిపోయారు.

అమెరికా మరో దారి పట్టింది. అక్కడ కరోనా ఆహార సహాయ కార్యక్రమం కింద 2020లో తొలి దఫాగా 1,600 కోట్ల డాలర్లు రైతులకు కేటాయించారు. ఏ సరుకు ధర ఎంత పడిందో చూసి, పంటలో నష్టభయం మోసేవారికి చెల్లించారు. భూమి కౌలుదైనా సరే. అందులోనూ లోపం ఉంది. ఎక్కువ పండించినవారికి ఎక్కువ దక్కింది, ఒక్కొక్కరికి గరిష్ఠం 2.5 లక్షల డాలర్లు. టోకు ధరలను కొలవడం వల్ల, దగ్గర్లోని హోటళ్లకూ వారాంతపు సంతలకూ అమ్ముకునే చిన్న కూరగాయల రైతుల నష్టం లెక్కకు సరిగా అందలేదు. సెప్టెంబరులో రెండో దఫా ప్రకటించినప్పుడు కూరగాయలకు పద్ధతి మార్చి, 2019 అమ్మకాల్లో ఇంత శాతమని కట్టారు.

మనకు ఆ లెక్క కట్టే సాధనం అసలు లేదనలేం. ఆంధ్రప్రదేశ్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఈ-క్రాప్‌లో నమోదు చేస్తున్నారు. ఆ నమోదును యజమాని సంతకంతో ముడిపెట్టకుండా, పొలంలో నిలబడి చూసి, ఇరుగుపొరుగు రైతుల మాట విని సాగుదారు పేరు రాయాలి. ఇలాంటి కష్టకాలంలో నష్టపరిహారం ఆ పేరుకే వెళ్లాలి. ఈ పని ఆపద లేని సీజన్‌లోనే పూర్తి చేసుకోవాలి. లాక్‌డౌన్ ప్రకటించిన మర్నాడు ఏ అధికారీ పొలానికి రాలేడు.