ఎరువుల లెక్కకు మీ స్వంత ప్రోగ్రాము



అనకాపల్లి జిల్లా చీడికాడ మండలములో, కోనాం జలాశయము క్రింద, ఒక రైతు వరి వేయుచున్నాడనుకొనుడు. భూసార పరీక్ష కార్డులో ఎకరాకు నత్రజని 32, భాస్వరము 24, పొటాషు 20 కిలోలని వచ్చినది. కాని దుకాణములో నత్రజని, భాస్వరము అను పేర్లతో బస్తాలుండవు గదా! యూరియా, డి.ఏ.పి., మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఉండును. ఏది ఎంత కొనవలెను?

ఇక్కడనే చాలమంది పొరపడుదురు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని కలదు గనుక 32 కిలోల కొరకు సుమారు 70 కిలోల యూరియా కొందురు. భాస్వరము కొరకు వేయు డి.ఏ.పి.లో కూడ నూటికి 18 పాళ్ళు నత్రజని ఉన్నదని మరతురు. ఆ లెక్క చూచినచో 49 కిలోల యూరియా చాలును. మిగిలిన 20 కిలోలు డబ్బు దండుగ. అంతేకాదు, నత్రజని ఎక్కువైన చేను ఏపుగా పెరిగి పడిపోవును. దోమపోటు, అగ్గితెగులు హెచ్చును.

ఈ లెక్కను ప్రతి మడికి, ప్రతి పంటకు చేతితో చేయుట విసుగు. ఒక్కసారి కంప్యూటరుకు నేర్పినచో చాలును. ఇట్లు నేర్పు ఆజ్ఞల వరుసయే ప్రోగ్రాము. దీనిని వ్రాయుట ఆ వృత్తివారికే తెలియునని అనుకొనకుడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీలో సివిల్ ఇంజనీరింగు పట్టము పొంది, పిదప కంప్యూటరు వైపు మళ్ళి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. మనకంత చదువు అవసరము లేదు. 1979లో అమెరికాలో విసికాల్క్ అను లెక్కల పట్టిక వెలువడినది. నాటినుండి గుమస్తాలు, వర్తకులు తమ లెక్కలకు తామే సూత్రములు వ్రాసికొనుచున్నారు. అట్టి పట్టికలు నేడు సెల్‌ఫోనులోనే ఉచితముగా దొరకును.

పట్టికలో నాలుగు గడులలో నత్రజని, భాస్వరము, పొటాషు మోతాదులను, పొలము విస్తీర్ణమును సెంట్లలో వ్రాయుడు. తరువాతి గడులలో ఈ సూత్రములు పెట్టుడు:

1. భాస్వరమును 100తో హెచ్చించి 46తో భాగించిన డి.ఏ.పి. వచ్చును.
2. ఆ డి.ఏ.పి.ని 18తో హెచ్చించి 100తో భాగించిన, దానిలోని నత్రజని తెలియును.
3. కావలసిన నత్రజనిలో దానిని తీసివేసి, మిగిలినదానిని 100తో హెచ్చించి 46తో భాగించిన యూరియా వచ్చును.
4. పొటాషును 100తో హెచ్చించి 60తో భాగించిన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వచ్చును.
5. డి.ఏ.పి., యూరియా, మ్యూరేట్‌లను ఒక్కొక్కదానిని సెంట్లతో హెచ్చించి 100తో భాగింపుడు.

పై రైతు పొలము 125 సెంట్లయినచో డి.ఏ.పి. 65, యూరియా 61, మ్యూరేట్ 42 కిలోలు రావలెను. ముందు ఈ అంకెలతో సరిచూచుకొనుడు. వేరుగా వచ్చినచో సూత్రములో ఎక్కడో తప్పున్నది.

ఇంకొక పరీక్ష. నత్రజని 8, భాస్వరము 24 అని వ్రాసి చూడుడు. యూరియా సున్నకంటె 3 కిలోలు తక్కువ అని చూపును! యంత్రము చెప్పినది చేయును గాని ఆలోచింపదు. కనుక "సున్నకు తగ్గినచో యూరియా వద్దు" అను షరతును మీరే చేర్చవలెను. అప్పటికి కూడ డి.ఏ.పి.తో నత్రజని కొంచెము ఎక్కువే పడును. నత్రజని లేని సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడుట మేలేమో వ్యవసాయ సహాయకుని అడుగుడు.

హెక్టారు మోతాదును ఎకరా మోతాదుగా వ్రాయకుడు. హెక్టారనగా సుమారు రెండున్నర ఎకరములు. తప్పు అంకె ఇచ్చినచో తప్పు జవాబే వచ్చును.

ఇంట చదువుకొను పిల్లలున్నచో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. సూత్రము వారు వ్రాయుదురు. పొలము సంగతి మీరు చెప్పుడు. ఒక సాయంత్రము పట్టు పని. ఎరువు కొనుటకు పోవు ముందే ముగించుకొనుడు.