12.4 వికలాంగుల ఉద్యోగం - సహోద్యోగుల వైఖరి

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రభుత్వ సంస్థల ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి. 1995 నాటి చట్టంలో ఇది 3 శాతం. చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్య కూడా 21కి పెరిగింది. అయితే రిజర్వేషన్ నియామక పత్రం వరకే తీసుకువెళ్తుంది. ఆ తరువాత ఉద్యోగం ఎలా సాగుతుందన్నది చాలావరకు పక్క కుర్చీలో కూర్చున్నవారి మీద ఆధారపడుతుంది. ఈ భాగంలో దాని గురించి తెలుసుకుందాం.

"కోటాలో వచ్చాడు" అనే చిన్నచూపును మీరు సులభంగానే గుర్తుపడతారు. జాలిని గుర్తుపట్టడమే కష్టం, ఎందుకంటే అది మంచితనంలా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించండి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో చూపు లేని గుమాస్తా చేరారు. కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఆయన పని చేయగలరు. మొదటి వారంలోనే సహోద్యోగులు "పాపం, మీకెందుకండీ శ్రమ, మేం చూసుకుంటాంలెండి" అంటూ రుణాల ఫైళ్లు తమ బల్లల మీదికి తెచ్చుకున్నారు. ఆయనకు ఫోను ఎత్తే పని మిగిలింది. ఎవరికీ దురుద్దేశం లేదు. మూడేళ్లకు పదోన్నతి మాట వచ్చినప్పుడు మాత్రం అదే సహోద్యోగులు "ఆయనకు రుణాల పని రాదు కదా" అన్నారు.

ఇక్కడ అసలు అడ్డంకి ఏమిటి? శాఖకు వచ్చే సర్క్యులర్లను కాగితం మీద తీసుకుని, ఫొటోలా స్కాన్ చేసి పంచుతున్నారు. మామూలు స్క్రీన్ రీడర్ టైపు చేసిన అక్షరాలను చదువుతుంది, ఫొటోలోని అక్షరాలను నేరుగా చదవలేదు. టైపు చేసిన ఫైలునే పంపితే సరిపోయేది. ఈ సంగతి మూడేళ్లలో ఎవరూ ఆయనను అడగలేదు.

ఇలాంటి మార్పునే సహేతుకమైన సర్దుబాటు అంటారు. అంటే సంస్థపై మితిమీరిన భారం పడకుండా, ఆ వ్యక్తి ఇతరులతో సమానంగా పనిచేయడానికి చేసే తగిన మార్పు. దీన్ని నిరాకరించడాన్ని చట్టం వివక్షగానే పరిగణిస్తుంది. వైకల్యం అనే కారణంతో పదోన్నతి ఆపకూడదని 20వ సెక్షన్ చెబుతుంది. కానీ మన ఉదాహరణలో పదోన్నతిని ఎవరూ ఆపినట్టు కనిపించదు! అనుభవమే లేకుండా చేశారు. అందుకే దీన్ని ఫిర్యాదుగా రాయడం కూడా కష్టం.

సర్దుబాటును సహోద్యోగులు తరచుగా రాయితీ అనుకుంటారు. రాయితీ పనిని తగ్గిస్తుంది, సర్దుబాటు పనిని సాధ్యం చేస్తుంది. ఈ తేడా మేనేజరుకు స్పష్టంగా తెలిస్తే మిగిలినవారికి వివరించగలరు. వివరించేటప్పుడు పని గురించే మాట్లాడాలి. ఆ వ్యక్తి వైద్య వివరాలు అందరికీ చెప్పనవసరం లేదు.

పదాల గురించి ఒక మాట. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అనే మూడూ ప్రభుత్వ వాడుకలో కనిపిస్తాయి. ఏది సరైనదన్న చర్చ ముగియలేదు. కార్యాలయంలో మాత్రం పేరుతో పిలిస్తే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వినికిడి లోపం ఉన్న అకౌంటెంటు ఒకరు సోమవారం సమావేశాల్లో ఏమీ మాట్లాడటం లేదు. ఆమెకు ఆసక్తి లేదని సహోద్యోగులు అనుకుంటున్నారు. మీరు మేనేజరైతే ముందుగా ఎవరిని, ఏమి అడుగుతారు? ఐదు వాక్యాల్లో రాయండి.