బీఈడీలో బడి ఎంత?

బీఈడీలో చేరాలంటే డిగ్రీలోగానీ పీజీలోగానీ 50 శాతం మార్కులు ఉండాలి. ఇంజనీరింగ్ నుంచి వచ్చేవాళ్ళకు అది 55 శాతం. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఆ మీదట ఎడ్‌సెట్ రాయాలి, ర్యాంకు రావాలి, కౌన్సెలింగ్‌లో సీటు దొరకాలి. రెండేళ్ళ చదువు అయ్యాక టెట్, టెట్ గట్టెక్కాక డీఎస్సీ. ఇన్ని గేట్లు దాటినవాళ్ళు నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలరా లేదా అన్నది మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరూ చూడరు. అది చూడగల చోటు మొత్తం దారిలో ఒక్కటే ఉంది, కోర్సు మధ్యలో వచ్చే ఇంటర్న్‌షిప్. పదిహేనేళ్ళుగా మన నియమాలు గేట్ల దగ్గర బిగుస్తూ వచ్చి, ఆ ఒక్క చోటును హెడ్‌మాస్టరు సంతకానికి వదిలేశాయి. టీచరు చదువును బాగుచేయాలంటే చేయి పెట్టాల్సింది అక్కడే అని నా వాదన.

నియమాలు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలు కావివి. ఉపాధ్యాయ విద్యను చూసుకోవడానికి 1993లో పార్లమెంటు చట్టం చేసింది, 1995లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, చట్టబద్ధ సంస్థగా పని మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రైవేటు బీఈడీ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. పరిస్థితి ఎంతదాకా పోయిందంటే సుప్రీంకోర్టే జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఒక కమిషన్ వేయాల్సివచ్చింది. 2012లో వచ్చిన ఆ నివేదికను ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యావిధానం చాలా కటువైన మాటే రాసింది: టీచర్ శిక్షణ ఒక్కటే నడిపే కాలేజీలు పదివేలకు పైగా ఉంటే, వాటిలో ఎక్కువ భాగం శిక్షణ జోలికే పోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని. సర్కారు పత్రాల్లో ఇంత నిక్కచ్చి భాష అరుదు. కమిషన్ తర్వాత 2014లో కొత్త నిబంధనలు వచ్చి ఏడాది బీఈడీని రెండేళ్ళు చేశాయి. ఏటా 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు, తరగతులకు 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. మొదటి ఏడు 4 వారాలు, రెండో ఏడు 16 వారాలు బడిలో ఉండాలి. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు.

కాగితం దాటితే కథ వేరు. ‘నాన్ అటెండింగ్’ అనే మాట తెలుగు రాష్ట్రాల్లో బీఈడీ గురించి వాకబు చేసినవాళ్ళెవరికీ కొత్త కాదు. ఫీజు కట్టి పేరు రాయించుకోవడం, పరీక్షలప్పుడు మొహం చూపించడం. పాఠ్యపథకాల రికార్డులు సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారతాయి. బడికి వెళ్ళినా, సెలవు పెట్టిన టీచరు క్లాసులో పిల్లల్ని అల్లరి చేయకుండా కూర్చోబెట్టే పనికే చాలామంది ట్రెయినీలు పరిమితమవుతారు. అన్ని కాలేజీలూ ఇంతే అనడం అన్యాయం, శ్రద్ధగా నడిపేవీ ఉన్నాయి. కానీ శ్రద్ధగా నడిపే కాలేజీకీ నడపని కాలేజీకీ చివర్లో వచ్చే సర్టిఫికెట్ ఒక్కటే, మార్కులూ ఇంచుమించు ఒక్కటే. తేడా కనిపించాల్సిన చోట చూసేవాళ్ళు లేరు.

ఇంతకీ బడిలో ఉంటేనే పట్టుబడేది ఏమిటి? చిన్న ఉదాహరణ చూద్దాం. మూడో తరగతి పిల్లాడు 52 లోంచి 38 తీసేసి 26 అని రాశాడు. 61 లోంచి 47 తీసినా 26 అనే రాశాడు. 85 లోంచి 32 తీస్తే మాత్రం 53 అని సరిగ్గా చేశాడు. లెక్కలు మాత్రమే వచ్చిన టీచరు మొదటి రెంటికీ ఇంటూ, మూడోదానికి టిక్కు పెట్టి, ‘జాగ్రత్తగా చెయ్యి’ అని రాసి పుస్తకం మూసేస్తారు. నిజానికి పిల్లాడు జాగ్రత్తగానే చేశాడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్న సొంత సూత్రం ఒకటి పెట్టుకున్నాడు: 8 లోంచి 2 పోతే 6, 5 లోంచి 3 పోతే 2. మూడో లెక్కలో పై అంకెలే పెద్దవి కాబట్టి ఆ సూత్రం దొరికిపోలేదు. వాడికి కావలసింది ఇంకో పది లెక్కల హోంవర్క్ కాదు. పది పుల్లల కట్టను విప్పి ఒకట్లలో కలిపి చూపించే మనిషి. ఈ చూపు డిగ్రీ గణితంలో ఉండదు, బోధనా సిద్ధాంతాల గైడులోనూ ఉండదు. విషయజ్ఞానానికీ బోధనాపద్ధతికీ మధ్య ఉండే ఈ మూడో రకం జ్ఞానాన్ని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రత్యేకంగా ఎత్తిచూపారు. హెదర్ హిల్, బ్రయన్ రోవన్, డెబొరా బాల్ 2005లో ప్రచురించిన అధ్యయనం, గణితం బోధించడానికి కావలసిన ఈ తరహా జ్ఞానం టీచరుకు ఎక్కువగా ఉన్న క్లాసుల్లో ఒకటో, మూడో తరగతి పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని తేల్చింది. పిల్లల నోటుపుస్తకాలు ముందు వేసుకుని, పక్కన అనుభవమున్న టీచరు కూర్చుని ‘వీడెందుకిలా చేశాడంటావు?’ అని అడిగితేనే అది వచ్చేది.

కోర్టులకు కూడా ఈ సంగతి ఒక మేరకు తెలుసు. బీఈడీ చేసినవాళ్ళను ఒకటి నుంచి అయిదు తరగతులకూ తీసుకోవచ్చని, ఉద్యోగంలో చేరిన రెండేళ్ళలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే సరిపోతుందని ఎన్‌సీటీఈ 2018లో ఉత్తర్వు ఇచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పే నేర్పు డీఎల్‌ఎడ్‌లో ఇచ్చేది, బీఈడీ అందుకు ఉద్దేశించింది కాదు అన్నది తీర్పు సారాంశం. పై డిగ్రీ ఉంటే కింది క్లాసు చెప్పలేమా అని అభ్యర్థులు బాధపడ్డారు. వాళ్ళ బాధ అర్థమయ్యేదే అయినా తీర్పే సబబు. 2025 సెప్టెంబరు 1న అదే కోర్టు, అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసు కావాల్సిందేనని చెప్పింది. ఇక్కడే నాకు పేచీ. టెట్ అంటే 150 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, జనరల్ అభ్యర్థికి 60 శాతం వస్తే పాసు. టీచరుకు కనీస చదువు ఉందో లేదో చూడటానికి అది పనికొస్తుంది, కాదనను. అంతకు మించి దాని మీద బరువు వేస్తే అభ్యర్థులు బడులు వదిలి కోచింగ్ సెంటర్లకు పోతారు. పోతున్నారు కూడా.

ఈ వాదన మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, అదీ మన గడ్డ మీదనుంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిన ఎంచిన 100 గ్రామీణ సర్కారు ప్రాథమిక పాఠశాలలకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. చదువూ శిక్షణా తక్కువ, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతు. రెండేళ్ళ తర్వాత ఆ బడుల పిల్లలు మిగతా బడుల పిల్లలకన్నా మెరుగయ్యారు. కాంట్రాక్టు టీచర్లు రెగ్యులర్ టీచర్లకు ఏమాత్రం తీసిపోలేదని అధ్యయనం తేల్చింది. అలాంటప్పుడు బీఈడీలూ డీఎల్‌ఎడ్‌లూ ఎందుకు, ఊళ్ళో చదువుకున్న అమ్మాయిని పెట్టుకుంటే చాలదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే కాంట్రాక్టు టీచర్లు ఉన్న ఊళ్ళోనో దగ్గర్లోనో ఉండేవాళ్ళు, గైర్హాజరు తక్కువ, ఏటా కొనసాగింపు రావాలన్న ఒత్తిడి ఉంది. రోజూ బడికి రావడమే ఎంత మేలు చేస్తుందో ఆ ఫలితం చెబుతోంది. శిక్షణ సంగతికొస్తే, ఆనాడు మనం ఇచ్చిన శిక్షణ చూపించదగ్గ తేడా తీసుకురాలేదన్నంతవరకే అది రుజువు. మంచి శిక్షణ వృథా అని కాదు. డిగ్రీలు అమ్ముడవుతున్నాయని ప్రభుత్వమే రాసుకున్న దేశంలో డిగ్రీకీ ఫలితానికీ లంకె దొరకకపోతే ఆశ్చర్యం దేనికి?

కాలం పెంచితే సరిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. 2030 నాటికి నాలుగేళ్ళ సమీకృత కోర్సే కనీస అర్హత అన్నది జాతీయ విద్యావిధానం లక్ష్యం. 2023–24లో 57 సంస్థల్లో దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు కూడా. నాలుగేళ్ళ కోర్సు మనకు కొత్తేమీ కాదు. 1963లో మొదలైన మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ దానికి పేరుపడింది, మన పిల్లలూ అక్కడ సీటు కోసం పోటీ పడుతుంటారు. అయితే అక్కడ గమనించాల్సింది నాలుగేళ్ళు కాదు, అదే ప్రాంగణంలో ఉన్న స్కూలు. ఫిన్లాండ్‌లో టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలని మనవాళ్ళు తరచూ చెబుతారు. ఆ విశ్వవిద్యాలయాలు సొంతంగా శిక్షణ బడులు నడుపుతాయన్న సంగతి చెప్పరు. బడి లేకుండా రెండేళ్ళను నాలుగేళ్ళు చేస్తే ఫీజు తప్ప పెరిగేదేమీ ఉండదు.

ఇంటర్న్‌షిప్‌లో ట్రెయినీల పాఠాలను కాలేజీ అధ్యాపకులే బడికి వెళ్ళి చూడాలంటే అది అయ్యే పనేనా? 2014 నిబంధనల ప్రకారం ఏటా వంద సీట్లున్న కాలేజీలో, అంటే రెండేళ్ళకు కలిపి 200 మందికి, 16 మంది పూర్తికాలపు అధ్యాపకులు ఉండాలి. సీనియర్లు బడులకు వెళ్ళినప్పుడు సగం మంది అధ్యాపకులు వాళ్ళ వెంట ఉంటే ఒక్కొక్కరికి పన్నెండు పదమూడు మంది వస్తారు. రోజుకు రెండు పాఠాలు చూసి, అయ్యాక కూర్చుని మాట్లాడినా, 16 వారాల్లో ఒక్కో ట్రెయినీకి సుమారు పదిహేను పాఠాలు చూసినట్టు. అది తక్కువేమీ కాదు. ట్రెయినీల వల్ల సిలబస్ వెనకబడుతుందని హెడ్‌మాస్టర్లు పడే భయం కూడా, వెనక కూర్చుని చూసే మనిషి ఉంటే తగ్గుతుంది. కొత్త చట్టం అక్కర్లేదు. ఆ 16 మంది నిజంగా ఉన్నారా, బడికి వెళ్ళారా అని ఎన్‌సీటీఈ, విశ్వవిద్యాలయాలు చూస్తే చాలు. ఎంబీబీఎస్ పరీక్షలన్నీ పాసైనా ఏడాది హౌస్‌సర్జన్సీ చేయందే డాక్టరుగా పూర్తి రిజిస్ట్రేషన్ ఇవ్వరు. టీచరుకూ చూసిన పాఠాల మీద ఇచ్చిన మార్కు లేనిదే సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

ఈసారి ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేవాళ్ళు కాలేజీకి ఫోన్ చేసి ఫీజు, హాస్టల్ వివరాలతోపాటు రెండు సంగతులు అడగండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు, అక్కడ మా పాఠాలు ఎవరు, ఎన్నిసార్లు వచ్చి చూస్తారు? జవాబుకు తడుముకునే కాలేజీని జాబితాలో కిందికి నెట్టండి.