ఉప్మా ఖర్చు రాశాను!

కార్యదర్శి పదవి అంటే పెద్ద హోదా అనుకునేరు! మా పట్నంలో వైద్యుల సంఘం పెట్టినప్పుడు అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ పడ్డారు. కార్యదర్శి పదవికి ఒక్కరూ ముందుకు రాలేదు. అందరిలోకి చిన్నవాణ్ణని అది నా నెత్తిన పెట్టారు. కుర్చీలు వేయించడం, కాఫీ ఫలహారాలు పురమాయించడం, ఆఖరున మినిట్సు పుస్తకం రాయడం. ఇదీ నా పని. నలభై ఏళ్ళ నాటి మాట.

ఒకనాటి సభలో మాలో పెద్దవారొకరు లేచి, తన చేతిలో పోయిన ఒక బాలింత సంగతి చెప్పారు. ఎక్కడ ఆలస్యమైందో, ఏది తాను ముందుగా కనిపెట్టలేకపోయారో దాచకుండా చెప్పారు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గదిలో ఎవరూ దగ్గను కూడా లేదు.

సభ ముగిశాక ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "అదంతా పుస్తకంలోకి ఎందుకోయ్? పెద్దాయన పరువు పోతుంది" అన్నారు. నాకూ అదే మర్యాద అనిపించింది. "ఒక కేసుపై ఉపయోగకరమైన చర్చ జరిగింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దాని కింద ఉప్మాకూ, కాఫీకీ అయిన ఖర్చు మాత్రం పైసలతో సహా రాశాను.

ఆరేళ్ళు గడిచాయి. ఊరికి కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు ఒకావిడ మా ఇంటికి వచ్చి, "ఇలాంటి కేసే మీ సభలో చర్చించారటగా, ఆ పుస్తకం ఒకసారి చూడవచ్చాండీ?" అని అడిగింది. పెద్దాయన అప్పటికే కాలం చేశారు. పుస్తకం తీసి ఇచ్చాను. ఆవిడ ఆ పుట చదివి, మూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చింది. ఏమన్నా అన్నా బాగుండేది.

తరువాత కొన్నాళ్ళకు, వైద్యచరిత్ర తిరగేస్తుంటే, లండనులో పనిచేసిన ఒక కార్యదర్శి తారసపడ్డాడు. ఆయన పేరు పీటర్ మార్క్ రోజే. ఇంగ్లీషు రాసేవాళ్ళ బల్లల మీద కనిపించే 'థెసారస్' అనే పర్యాయపదాల పుస్తకం ఆయనదే. 1852లో అది అచ్చయ్యేనాటికి ఆయనకు 73 ఏళ్ళు. వృత్తికి మాత్రం డాక్టరు. 19వ ఏటనే ఎడింబరోలో ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు.

లండనులో పాత మెడికల్ సొసైటీకి జేమ్స్ సిమ్స్ అనే ఆయన ఇరవై ఏళ్ళ దాకా అధ్యక్ష పీఠం దిగలేదు. విసిగిన సభ్యులు 1805లో విడిపోయి, మెడికల్ అండ్ కైరర్జికల్ సొసైటీ అని వేరే సంఘం పెట్టుకున్నారు. సంఘాల తీరు ఎక్కడైనా ఒకటే కాబోలు! ఆ కొత్త సంఘానికి 1811 నుంచి పన్నెండేళ్ళు రోజే కార్యదర్శి. సభలో చదివిన వ్యాసాలను సంపుటాలుగా తెచ్చే బాధ్యతా ఆయన మీదే పడింది.

1818 డిసెంబరు 22న ఆ సభలో ఒక వ్యాసం చదివారు. రాసినవాడు జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు. కాన్పులో నెత్తురు పోయి తల్లులు చనిపోవడం చూడలేక, పోయిన నెత్తురు తిరిగి ఎక్కించవచ్చునా అని ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఆ తరువాత గైస్ ఆస్పత్రిలో, కడుపులో పుట్టిన వ్యాధివల్ల ఏది తిన్నా వాంతి అయి, ఎముకల గూడుగా మిగిలిన ఒక రోగికి, పలువురి నుంచి తీసిన నెత్తురు పిచికారీతో కొద్దికొద్దిగా ఎక్కించాడు. మొత్తం 12 నుంచి 14 ఔన్సులు. మనిషి రక్తం మనిషికి ఎక్కించినట్టు దొరికే మొదటి దాఖలా ఇదేనని చెబుతారు. రోగి కాస్త తేరుకున్నట్టే కనిపించి, 56 గంటలకు కన్నుమూశాడు.

నేనే అక్కడి కార్యదర్శినైతే "చర్చ జరిగింది" అని రాసి ఊరుకునేవాణ్ణి. వాళ్ళు మాత్రం ఎంత నెత్తురు, ఎంత వ్యవధిలో, చివరికి ఏమైంది అన్నీ 1819 నాటి పదో సంపుటంలో అచ్చువేశారు.

ఇంకొక సంగతి. ఆ సభకు సుమారు ఏడు వారాల వెనుక, నవంబరు 2న, రోజే మేనమామ సర్ శామ్యూల్ రోమిలీ భార్య పోయిన దుఃఖం భరించలేక తన ప్రాణం తానే తీసుకున్నాడు. పసితనంలోనే తండ్రి పోయిన రోజేకు ఆయనే పెద్దదిక్కు. డాక్టరై ఉండీ మేనమామను దక్కించుకోలేకపోయాడు. చేతిలో ప్రాణం పోవడమంటే ఏమిటో ఆ కార్యదర్శికి ఒకరు చెప్పనక్కరలేదు.

బ్లండెల్ ప్రయత్నం మానలేదు. నెత్తురు పోయిన ఒక బాలింతకు రక్తం ఎక్కించి బతికించిన వైనం 1829లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అయినా, రక్తం ఎక్కించినవారందరూ బతకలేదు. 1901లో లాండ్‌స్టైనర్ రక్తంలో గ్రూపులున్నాయని చూపేదాకా, ఒకరికి పడిన రక్తం మరొకరికి ఎందుకు పడదో తెలియలేదు. అసలు అలాంటి ప్రశ్న ఒకటున్నదని తెలియాలంటే, బతికినవారితో పాటు పోయినవారి లెక్కా ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా! పెద్దాయన ఆనాడు లేచి నిలబడి చెప్పింది అందుకే. ఆయన పరువు కాపాడాననుకుని, ఆయన చేసిన మంచిపనిని చెరిపేశాను.

ఆ మినిట్సు పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. మొన్న ఆ పుట తీసి, ఆయన మాటల్లో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి, ఈనాటి తేదీ వేసి, సంతకం చేసి అక్కడ అంటించాను. సగం ఖాళీలే మిగిలాయి. ఉప్మా ఖర్చు మాత్రం పైసా తేడా లేకుండా అలాగే ఉంది.