మునిగేవాడికి తోడు

కార్తిక పౌర్ణమి తెల్లవారుజామున మంగినపూడి తీరం జనంతో నిండిపోతుంది. మచిలీపట్నం, గుడివాడ వైపు పల్లెలనుంచి బస్సుల్లో, ఆటోల్లో దిగినవాళ్లు వణుకుతూనే అలల్లోకి నడుస్తారు. మాఘ పౌర్ణమికి దివిసీమ కొసన, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గరా ఇదే దృశ్యం. ఇక ఇంగ్లండులోని లీస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ అనే పాత గ్రానైట్ క్వారీ నీటితో నిండి ఉంది. గడ్డకట్టే చలికాలంలోనూ గాలి సిలిండర్లు తగిలించుకుని మునిగే స్కూబా క్లబ్బులవాళ్లు గుంపులుగా వెళ్లి అందులో మునుగుతారు. ఒకరిది భక్తి, మరొకరిది సరదా. చలి రోజుల్లో గుంపుగా నీళ్లలో దిగడం మాత్రం ఇద్దరికీ సమానమే. మన తీరానికి ఆ సరదా రాకపోయినా నష్టం లేదు. దాన్ని ప్రమాదం కాకుండా కాపాడే కట్టుబాటు మాత్రం రావాలి.

ఆ కట్టుబాటు ఎందుకు పుట్టిందో చూద్దాం. నీరు ఒంటి వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువెక్కుతుంది కాబట్టి, చలికాలంలో అక్కడి లోతైన చెరువు అడుగున దాదాపు ఆ చల్లదనమే ఉంటుంది. అందుకే నీరు చొరని డ్రైసూట్ వేసుకుంటారు. ఒంటికి అది సరిపోవచ్చుగానీ, పరికరానికి వేరే గండం ఉంది. సిలిండర్లో కుదించి నింపిన గాలి బయటికొస్తూ వ్యాకోచించి చల్లబడుతుంది. అతిచల్లని నీటిలో, ఆ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌కి మంచు పట్టి, వాల్వు తెరుచుకునే ఉండిపోతే గాలి ధారగా పోయి నిమిషాల్లో సిలిండర్ ఖాళీ అవుతుంది. అప్పుడు బతికించేది పక్కవాడి గాలే. అందుకే బ్రిటన్‌లో 1953లో పుట్టిన సబ్ ఆక్వా క్లబ్ వంటి సంస్థలు జతకట్టి మునగడాన్ని మొదటి పాఠంగా నేర్పుతాయి. దిగేముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకోవాలి. జతలో ఒకరికి చలేసినా, గాలి అనుకున్న గుర్తుకు తగ్గినా ఇద్దరూ వెనక్కి రావాలి. ఎంతమంది దిగారో, ఎంతమంది తేలారో గట్టుమీద లెక్క ఉండాలి. అంటే గుంపు హద్దును నిర్ణయించేది అందరిలోకి బలహీనుడే.

మన నీళ్లు అంత చల్లగా ఉండవు కదా అనవచ్చు. నిజమే, చలికాలంలోనూ ఈ తీరాన సముద్రం గోరువెచ్చగానే ఉంటుంది. ఇక్కడి గండం బురద. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రువల్ల మునిగినవాడి చెయ్యి వాడికే కనిపించదు. సరదా స్కూబా విశాఖ రుషికొండ దగ్గర నిలదొక్కుకుని మంగినపూడికి రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. అయితే చలిలో పరికరం మోసం చేస్తే, బురదలో చూపు మోసం చేస్తుంది. రెండుచోట్లా ఒంటరివాడే చిక్కుకుంటాడు. హంసలదీవి దగ్గర ఏటి వాలూ సముద్రపు పోటూపాటూ కలిసి కాలికింద ఇసుకను లాగేస్తుంటే, తెల్లవారుజాము మసకలో పక్క మనిషి జారిపోయినా తెలియదు.

మనకు గజ ఈతగాళ్లు లేరా అనేది మరో మాట. ఉన్నారు, ఏ యంత్రమూ లేకుండా ఊపిరి బిగబట్టి కాలువ అడుగు గాలించే వాళ్ల నేర్పు తక్కువది కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవ 200 అడుగులకు పైబడిన లోతున కూరుకుపోతే, అక్టోబరు 22న దాన్ని బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అక్కడ కూడా గెలిచింది ఒక్కడి తెగువ కాదు. తాళ్లు, లంగర్లు, గట్టుమీద పట్టిన చేతుల పొందిక. పైగా గజ ఈతగాడికి కబురు వెళ్లేది మనిషి మునిగాక. జత పనిచేసేది మునగకముందు.

వేలమంది జాతరలో జతలెవరు కడతారన్నది గట్టి అభ్యంతరమే. మొత్తం జనాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు. కానీ జనం తీరానికి జనంగా రారు, కుటుంబాలుగా వస్తారు. ఆటో దిగేటప్పుడే ఎవరికెవరు తోడో చెప్పుకోవచ్చు. తోడు మోకాలి లోతు దాటనంటే తానూ దాటకుండా ఉండవచ్చు. దీనికి ఖర్చేమీ లేదు. లెక్క తప్పితే ఏమవుతుందో 2017లో కృష్ణే చూపించింది. కార్తికమాసంలో, నవంబరు 12న, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు. అది తిరగబడి 20 మందికి పైగా పోయారు.

నిజానికి సగం కట్టుబాటు మన ఆచారంలోనే ఉంది. స్నానానికి ముందు సంకల్పంలో గోత్రంతోపాటు ఇంట్లోవాళ్లందరి పేర్లూ చెప్పుకుంటాం. నీళ్లలోంచి వచ్చాక అవే పేర్లు మరోసారి, ఈసారి ఒక్కొక్కరినీ కళ్లారా చూస్తూ చెప్పుకుంటే చాలు.