పెరటి చేపల తొట్టెకూ అలుగు కావాలి

అనకాపల్లి జిల్లాలోని రావికమతం మండలం తూర్పు కనుమల పాదాల వద్ద ఉంది. కొండవాలున కురిసిన వాన గెడ్డలుగా దిగివచ్చి ఊరి చెరువులను, కల్యాణపులోవ జలాశయాన్ని నింపుతుంది. చెరువుకు మూడు అంగాలు ఉండాలని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. నీటిని నిలిపే గట్టు, కావలసినంత విడిచే మదుము, మిగులును పొలాలకు నష్టం లేకుండా సాగనంపే అలుగు. అలుగు లేని చెరువు గట్టు పెద్దవానకు నిలవదు. అయితే అదే ఇంటి పెరట్లో సిమెంటు తొట్టె కట్టి అలంకరణ చేపలు పెంచేటప్పుడు గాని, గదిలో అద్దాల తొట్టె అమర్చేటప్పుడు గాని ఈ మూడవ అంగం సులభంగా మరుగున పడిపోతుంది.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకరణ చేపల యూనిట్లకు చోటు కల్పించారు. యూనిట్ వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు 60 శాతం సహాయం లభిస్తుంది. ఇటువంటి యూనిట్ల ప్రణాళికలో చేప రకం, మేత, గాలి పంపు ముందు వరుసలో ఉంటాయి. మిగులు నీటి గొట్టాన్ని కట్టుబడి చివర్లో ఆలోచిస్తే గోడకు రంధ్రం ఎక్కడ వీలైతే అక్కడే పడుతుంది. నిజానికి తొట్టె గీత గీసేటప్పుడే నాలుగు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉండాలి. నీరు ఏ మట్టంలో నిలవాలి? ఎంత వేగంగా వచ్చినా గొట్టం తట్టుకోవాలి? గొట్టం మూసుకుపోతే ఏమవుతుంది? బయటికి పోయిన నీరు చివరకు ఎక్కడికి చేరుతుంది?

మట్టం

తొట్టె అడుగున బిగించిన నిలువు గొట్టం పై అంచు ఎంత ఎత్తులో ఉంటే నీటిమట్టం అక్కడ నిలుస్తుంది. ఇదే తొట్టెకు అలుగు. అయితే ఈ గొట్టం పైపైన ఉన్న శుభ్రమైన నీటినే పంపుతుంది. మలినం అడుగునే మిగిలిపోతుంది. దీనికి సులభమైన ఉపాయం ఉంది. నిలువు గొట్టం చుట్టూ అంతకంటె పెద్ద వ్యాసం గల మరొక గొట్టాన్ని తొడగాలి. దాని అడుగు అంచున గంట్లు కోయాలి. పై అంచు నీటిపైకి తెరచి ఉండాలి. అప్పుడు అడుగు నీరు గంట్ల గుండా చొరబడి, రెండు గొట్టాల మధ్య పైకి లేచి, లోపలి గొట్టంలోకి పొర్లుతుంది. మట్టం మారదు, మలినం మాత్రం పోతుంది. బయటి గొట్టం పై భాగాన్ని మూతతో బిగిస్తే సైఫన్ ఏర్పడి తొట్టె ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది.

సామర్థ్యం

నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు గల తొట్టె ఉపరితలం 10 చదరపు మీటర్లు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే అందులో పడేది 600 లీటర్లు, అనగా నిమిషానికి 10 లీటర్లు. ఇది పెద్ద భారం కాదు. పక్కనున్న 40 చదరపు మీటర్ల ఇంటి కప్పు నీరు కూడా తొట్టెలోకే జారితే లెక్క మారిపోతుంది. రెండూ కలిపి నిమిషానికి 50 లీటర్లవుతుంది.

గొట్టం అంచు మీదుగా పొర్లే ప్రవాహం అంచు చుట్టుకొలతను, దానిపై నీరు లేచిన ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తు రెండింతలైతే ప్రవాహం సుమారు 2.8 రెట్లవుతుంది. 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల నిలువు గొట్టంపై నీరు 2 సెంటీమీటర్లు లేచినప్పుడు నిమిషానికి సుమారు 48 లీటర్లు పోతుంది. 100 మిల్లీమీటర్ల గొట్టమైతే అదే ఎత్తులో సుమారు 95 లీటర్లు. చెరువు అలుగును లోతుగా కాక పొడవుగా కట్టడంలోని సూత్రమూ ఇదే. అంచు పొడవైన కొద్దీ తక్కువ ఎత్తులోనే ఎక్కువ నీరు జారిపోయి గట్టుకు ఊరట దొరుకుతుంది. వలజాలి అడ్డం వల్ల ప్రవాహం మరింత తగ్గుతుంది. కనుక లెక్కకు వచ్చిన దానికి కనీసం రెండింతల సామర్థ్యం ఉంచాలి. కప్పు నీటిని తొట్టె నుండి మళ్ళించడం అన్నిటికంటె చౌకైన మార్గం.

కరెంటు పోయినప్పుడు

అద్దాల తొట్టె కింద సంప్ పెట్టి నీటిని పంపుతో తిప్పే పద్ధతిలో ప్రమాదం మరొక రూపంలో వస్తుంది. పంపు ఆగగానే పై తొట్టెలో అంచుకు మించి ఉన్న నీరంతా కిందికి దిగుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టెలో మట్టం రెండున్నర సెంటీమీటర్లు తగ్గితే దిగే నీరు 13.5 లీటర్లు. పంపు నుండి పైకి వెళ్ళే గొట్టం నోరు నీటిలో 10 సెంటీమీటర్ల లోతున ఉంటే, ఆ గొట్టమే సైఫన్‌గా మారి 54 లీటర్ల వరకు వెనక్కి లాగుతుంది. నీటిమట్టానికి కొంచెం దిగువన ఆ గొట్టానికి చిన్న రంధ్రం వేస్తే, మట్టం తగ్గగానే అందులో గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. రంధ్రంలో నాచు పేరుకోకుండా తరచు శుభ్రం చేయాలి. తిరిగివచ్చే నీరంతా పట్టేటంత ఖాళీ సంప్‌లో ఎల్లవేళలా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖ ప్రాంతం రోజుల తరబడి చీకటిలో ఉంది. ఈ తీర జిల్లాలలో కరెంటు పోవడాన్ని అరుదైన సంఘటనగా కాక, రూపకల్పనలో భాగంగా లెక్కించాలి.

మూసుకుపోయినప్పుడు

ఆకు, నాచు, చచ్చిన చేప, ఏది అడ్డుపడినా ఒకే గొట్టం ఉన్న తొట్టె పొంగిపోతుంది. అందువల్ల రెండవ గొట్టం తప్పనిసరి. దాని అంచు మొదటి దానికంటె 3 సెంటీమీటర్లు పైన, తొట్టె గోడ కంటె కిందుగా ఉండాలి. దానికి వాల్వు బిగించకూడదు. మామూలు రోజులలో అది పొడిగానే ఉంటుంది. దానిలో నీటి చప్పుడు వినబడితే మొదటి గొట్టాన్ని చూడవలసిన వేళ వచ్చిందని అర్థం. జాలిని గొట్టం నోటికి బల్లపరుపుగా కట్టక, పొడవైన తొడుగులా అమర్చాలి. వైశాల్యం ఎక్కువైన కొద్దీ మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

నీరు ఎక్కడికి చేరుతుంది?

అన్నిటికంటె ముఖ్యమైనదీ, అన్నిటికంటె తక్కువగా అడిగేదీ ఈ ప్రశ్నే. పెరటి కాలువ గెడ్డలో, గెడ్డ చెరువులో కలుస్తుంది. పొర్లిన నీటితో చేపలూ వెళతాయి. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్ తొట్టె గోడల నాచు తింటుందన్న పేరుతో అలంకరణ చేపల వ్యాపారం ద్వారా మన దేశానికి వచ్చింది. నేడు అది తూర్పు కనుమల జలవనరులలో సుమారు 60 శాతం వరకు విస్తరించిందని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళ ఆధారంగా గుర్తించారు. దాని గట్టి ముళ్ళ కవచం వలలను చింపుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ప్రాణవాయువు తక్కువైన నీటిలోనూ బతుకుతుంది. మత్స్యకారులు దానిని దెయ్యం చేప అని పిలవడంలో వారి నష్టమంతా ఇమిడి ఉంది. ఒకసారి చెరువులో స్థిరపడిన తరువాత దానిని తొలగించడం దాదాపు అసాధ్యం.

కనుక మిగులు గొట్టాన్ని నేరుగా కాలువకు కలపకూడదు. గొట్టం చివర సన్నని జాలి గల పట్టు పెట్టె, ఆ తరువాత గులకరాళ్ళు నింపిన ఇంకుడు గుంట, దాని అంచున అరటి లేదా కొబ్బరి పాదు ఉండాలి. గప్పీ, మోలీ వంటివి పిల్లలనే కంటాయి. ఆ పిల్లలు కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి కనుక దోమతెరంత సన్నని జాలి కావాలి. చేపల విసర్జనలోని నత్రజని మొక్కకు పోషకమవుతుంది. ఉప్పు గాని, మందులు గాని కలిపిన రోజున మాత్రం ఆ నీటిని పాదులకు పెట్టరాదు. పట్టు పెట్టెలో నీరు నిలిచి దోమలు పెరగకుండా పైన కూడా జాలి వేయాలి.

అప్పగించే ముందు పరీక్ష

తొట్టెలో చేపలు వదలకముందే మూడు పరీక్షలు జరగాలి. మొదటిది, గొట్టం చివర 20 లీటర్ల బకెట్ పెట్టి నిండే కాలాన్ని కొలవడం. 24 సెకన్లలో నిండితే నిమిషానికి 50 లీటర్లు పోతున్నట్టు. రెండవది, మొదటి గొట్టాన్ని గుడ్డతో మూసి రెండవదే భారమంతా మోయగలదో లేదో చూడడం. మూడవది, పంపు ఆపి సంప్ పొంగుతుందేమో గమనించడం. విస్తరణ అధికారి యూనిట్‌ను పరిశీలించేటప్పుడు చేపల సంఖ్యతో పాటు ఈ మూడింటి ఫలితాలూ నమోదు చేయడం మేలు.

చెరువు అలుగు కట్టినవారు తమ గట్టును మాత్రమే కాక దిగువ ఆయకట్టునూ, ఆ కింది చెరువునూ దృష్టిలో ఉంచుకున్నారు. పెరటి తొట్టెకు గొట్టం బిగించేవారికీ అదే చూపు అవసరం. తొట్టె గోడతో ఆ ఇంటి నీరు ఆగిపోదు. అది గెడ్డ వెంట ఊరందరి చెరువుకు చేరుతుంది.