శిబిరయాత్రికునికి పడకచాప

కొండయాత్రకు బయలుదేరే విద్యార్థులు కప్పుకొనే రగ్గును గూర్చి ఆలోచించినంతగా క్రింద పరచుకొనే చాపను గూర్చి ఆలోచించరు. కాని చల్లని నేల మన దేహంలోని వేడిని రాత్రంతా హరిస్తూనే ఉంటుంది. మన బరువుకు అణగిన రగ్గులో గాలి నిలువదు; గాలి నిలువనిచోట వెచ్చదనమూ నిలువదు. కావున చాప కేవలం సుఖం కొరకు కాదు, ఆరోగ్యరక్షణ కొరకని మా మనవి.

వేడిని నిలిపే శక్తిని 'ఆర్' సంఖ్యతో సూచిస్తారు. 2018లో అమెరికాలో ఉమ్మడి కొలమానం ఏర్పడినందున, దానిని పాటించే సంస్థల చాపలను పోల్చి చూడవచ్చు. వేసవి రాత్రులకు 2 లోపు చాలును. అరకు, లంబసింగి శీతకాలానికి 2 నుండి 4 వరకు, హిమాలయాల మంచుపై 5 లేక అంతకు మించి ఉండుట మేలు.

నురుగుచాప చౌక, తేలిక. నీటిని పీల్చదు, ముల్లు గ్రుచ్చుకొన్నా పనిచేస్తుంది. దాని చుట్ట పెద్దదగుటయే లోపం. గాలిచాప మెత్తన, చిన్న పొట్లంగా ఇముడుతుంది. కాని ఒక్క ముల్లు చాలు, అది నేలకు అంటుకుపోవడానికి. పైగా లోపల వేడిని ఆపే పొర లేనిదైతే గాలి కదలి చలి సోకుతుంది.

తొలియాత్రకు నురుగుచాపనే ఎన్నుకొనండి. మంచుకొండలకు పోయేవారు దానిపై గాలిచాప పరచుకొనవచ్చు. రెండింటి 'ఆర్' సంఖ్యలూ కూడుతాయి. మందం చూసి గాక, సంఖ్య చూసి కొనుటయే వివేకం.